పీఎల్ఎఫ్ఎస్ గీత పైకి లేచింది సరే, మన జిల్లాలో ఆడవాళ్ల పని పెరిగిందని ఎలా చెప్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు ఒడిశాలోని గుణుపురంలో పీజీ చదువుతున్నారు. రాయగడ, గజపతి జిల్లాల్లో మహిళల ఉపాధి ఎంత పెరిగిందో ప్రాజెక్టు రాయాలి. జిల్లా అంకెలు వరసగా దొరక్క, దేశం మొత్తం అంకెలతో గ్రాఫ్ గీశారు. 2001, 2011కి జనాభా లెక్కలు, 2017-18 నుంచి పీఎల్ఎఫ్ఎస్, అంటే ఎవరెవరు ఏ పనిలో ఉన్నారో తెలుసుకోవడానికి కేంద్రం చేసే శ్రామిక శక్తి సర్వే. గీత 25.6 దగ్గర మొదలై, 25.5కి వచ్చి, 23.3కి దిగి, 2023-24లో 41.7కి ఎగిరింది. "ఇది పెరుగుదలా, లెక్క తేడాయా?" అని మీ గైడ్ గారు అడిగారు. దాంతోపాటు మీవి రెండు చిన్న ప్రశ్నలు: సొంతంగా సర్వే చేస్తే ఎంతమంది చాలు, ప్రశ్నలు తెలుగులో అడగాలా ఒడియాలోనా.

సూటిగా చెప్తాను. మీ గ్రాఫ్‌లో మొదటి సగాన్ని రెండో సగంతో కలపకూడదు. రెండో సగం నిజమైన పెరుగుదలే, కానీ అది ఎక్కువగా జీతం రాని పనిలో, సొంత పనిలో వచ్చిన పెరుగుదల. ఇక మీ రెండు జిల్లాల గురించి ఆ గీత ఏమీ చెప్పదు. జిల్లా గురించి చెప్పాలంటే "ఎంతమంది పని చేస్తున్నారు" అన్న ఒక్క అంకె వదిలేసి ఎన్ని రోజులు, ఎవరి కోసం, డబ్బు ఎవరి చేతికి అన్న మూడూ కొలవాలి.

మాది పర్లాకిమిడి. ఇంటింటి సర్వేల్లో ఇరవై మూడేళ్లు పని చేశాను, మొదట ఇన్వెస్టిగేటర్‌గా, తర్వాత సూపర్‌వైజర్‌గా. ఈ రెండు జిల్లాల్లో నేను మెట్టని బ్లాకు లేదు. కాబట్టి పుస్తకం చెప్పేదీ చెప్తాను, గడప దగ్గర జరిగేదీ చెప్తాను.

ముందు గ్రాఫ్ సంగతి. జనాభా లెక్కల్లో 25.5 అంటే పుట్టిన పసిపిల్లతో సహా మొత్తం ఆడవాళ్లలో పని చేసేవాళ్లు ఎంత శాతమో అది. పీఎల్ఎఫ్ఎస్ 23.3 అంటే 15 ఏళ్లు, ఆ పైబడిన వాళ్లలో శ్రామిక శక్తిలో ఉన్నవాళ్లు. అంటే పని చేసేవాళ్లే కాదు, పని వెతుక్కుంటున్న వాళ్లూ అందులో ఉంటారు. భిన్నంలో పై అంకే వేరు, కింది అంకే వేరు. ఆ రెండు చుక్కల మధ్య మీరు గీసిన దిగుడు గీతకి అర్థం లేదు. పనిలో ఉన్నవాళ్లే కావాలంటే పీఎల్ఎఫ్ఎస్‌లో దానికి వేరే అంకె ఉంది: 2017-18లో 22.0, 2023-24లో 40.3. ఉపాధి అని పేరు పెట్టారు కాబట్టి అదే వాడండి.

2011-12 నాటి పాత ఎన్ఎస్ఎస్ఓ (జాతీయ నమూనా సర్వే సంస్థ) ఉపాధి సర్వేని పీఎల్ఎఫ్ఎస్‌కి నేరుగా అతికించడం కూడా జాగ్రత్తగా చెయ్యాలి. ప్రశ్నలు చాలావరకు అవే, కానీ ఊళ్లో ఇళ్లను ఎంచుకునే పద్ధతి మారింది. పీఎల్ఎఫ్ఎస్ వచ్చాక ఇంట్లో పదో తరగతి దాటినవాళ్లు ఎంతమంది అన్నదాన్ని బట్టి ఇళ్లను గుంపులు చేశారు. పోల్చవద్దని అనను, కానీ కింద ఒక మాట రాసి పోల్చండి.

ప్రశ్న మారితే అంకె ఎంత మారుతుందో చూడాలంటే పాత జనాభా లెక్కలు చూడండి. 1961లో పని చేసే ఆడవాళ్లు దాదాపు 28 శాతం. 1971లో అది సగానికి పడింది. ఆ పదేళ్లలో దేశంలో ఆడవాళ్లు నాట్లు మానెయ్యలేదు, కలుపు మానెయ్యలేదు. "మీ ముఖ్యమైన పని ఏది?" అని అడగడం మొదలుపెట్టారు, అంతే. వంట, పిల్లలు అన్న జవాబుతో ఆవిడ లెక్కలోంచి బయటికి వెళ్లిపోయింది. 1991లో ప్రశ్నకి "పొలంలో, ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా చేసిన పని కూడా" అన్న ముక్క చేర్చారు. 2001లో ఇంటి వాడకానికే పాలు పితికినా పనిగా తీసుకున్నారు. అంకె పెరిగింది. పెరిగినదాంట్లో ఎంత పని, ఎంత ప్రశ్న అన్నది విడదీయడం ఎవరి తరమూ కాదు.

మన జిల్లాలకి ఇంకో చిక్కు. 1992 అక్టోబరు దాకా రాయగడ లేదు, గజపతి లేదు. ఒకటి పాత కోరాపుట్‌లో, రెండోది గంజాంలో ఉండేవి. 1991 కోరాపుట్ అంకె పక్కన 2001 రాయగడ అంకె పెట్టిన ప్రాజెక్టులు నేను కనీసం మూడు చూశాను. వెనక్కి వెళ్లాలనుకుంటే బ్లాకుల వారీ పట్టికలు కూడగట్టుకుని జిల్లాని మీరే తయారు చేసుకోవాలి.

ఇక మీ రెండో సగం, 22.0 నుంచి 40.3. ఆరేళ్లలో 18 పాయింట్లు పెరిగింది. "18 శాతం పెరిగింది" అని రాయకండి, అది 83 శాతం పెరుగుదల అవుతుంది. ఏటా సగటున పదిన్నర శాతం అని కూడా రాయకండి, లెక్క సరైనదే అయినా. 2018-19 నుంచి 2019-20కి 23.3 నుంచి 28.7కి ఒక్క గెంతు. 2020-21 నుంచి 2021-22కి 31.4 నుంచి 31.7, అంటే దాదాపు కదల్లేదు. సగటు తీస్తే ఆ గెంతూ పోతుంది, ఆ ఆగిపోవడమూ పోతుంది. మీ ప్రాజెక్టులో చెప్పుకోవాల్సినవి అవి రెండే.

మొత్తం అంకె కంటే దాని లోపలి పంపకం చూడండి. పల్లెల్లో పని చేసే ఆడవాళ్లలో సొంత పని చేసుకునేవాళ్లు, ఇంటి పనిలో జీతం లేని సహాయకులు కలిపి 2017-18లో 57.7 శాతం, 2023-24లో 73.5 శాతం. ఊరూ పట్నం కలిపి పని చేసే ఆడవాళ్లలో వ్యవసాయంలో ఉన్నవాళ్లు 57 నుంచి 64.4 శాతానికి పెరిగారు. ఉద్యోగాలు పెరిగి ఆడవాళ్లు అందులోకి వెళ్తే వ్యవసాయం వాటా తగ్గాలి కదా. పెరిగింది. లాక్‌డౌన్‌లో వలసవాళ్లు తిరిగి రావడం, ఇంట్లో ఆదాయం తగ్గడం, మగవాళ్లు బయటికి వెళ్లి పొలం ఆవిడ మీద పడటం, ఇన్వెస్టిగేటర్లు ఇంకాస్త గుచ్చి అడగడం... కారణాలు చాలా. నా అనుభవంలో ఈ చివరిది చిన్న కారణమేమీ కాదు.

ఎందుకో చెప్తాను. సర్వేలో ఒక మనిషికి ఒక కోడ్ వేస్తాం. 11 అంటే సొంత పని, 21 అంటే ఇంటి వ్యాపారంలోనో పొలంలోనో జీతం లేని సహాయం, 31 నెల జీతం, 51 కూలి. 92 అంటే ఇంటి పని మాత్రమే. 93 అంటే ఇంటి పనితో పాటు ఇంటి వాడకానికి కట్టెలు, ఆకులు, దుంపలు తెచ్చుకోవడం, బట్టలు కుట్టుకోవడం లాంటివి. 92, 93 రెండూ పని లెక్కలోకి రావు. 21, 11 వస్తాయి. అంటే మన కొండ ఊళ్లలో ఒక మనిషి ఉపాధిలో ఉందా లేదా అన్నది తరచుగా 93కీ 11కీ మధ్య, 92కీ 21కీ మధ్య ఉన్న సన్నటి గీత మీద ఆధారపడుతుంది. అడవి నుంచి తెచ్చిన అడ్డాకులు ఇంట్లో విస్తళ్లు కుట్టుకుంటే 93. అవే సంతలో అమ్మితే 11. పది కట్టలు ఇంటికీ, ఇరవై కట్టలు సంతకీ అయితే? ఇన్వెస్టిగేటర్ ఓపికని బట్టి.

నా తప్పు నేనే చెప్పుకుంటాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో కాశీనగరం వైపు ఒక తెలుగు వాళ్ల ఊరు. అరుగు మీద ఇంటాయన కూర్చున్నారు. "మీ ఆవిడ ఏం చేస్తారండీ?" అన్నాను. "ఏమీ లేదమ్మా, ఖాళీయే. ఇంట్లోనే ఉంటాది" అన్నారు. 92 వేశాను. రాయడం అయ్యాక మంచినీళ్లకి లోపలికి వెళ్తే ఆవిడ చింతపండు గుట్ట ముందు కూర్చుని గింజ తీస్తోంది. కిలోకి ఇంత అని షావుకారు ఇస్తాడట. మాఘం నుంచి చైత్రం దాకా రోజూ అదే పని. ముప్పై రోజులకి తగ్గకుండా చేసిన పని ఏదైనా ఉంటే, అది ఏడాదిలో ముఖ్యమైన పని కాకపోయినా, అనుబంధ పనిగా రాయాలి. అంటే ఆవిడ కచ్చితంగా లెక్కలోకి రావాలి. నేను నీళ్లు తాగి, సర్వే ఫారం దిద్దకుండానే వచ్చేశాను. అప్పటికే పొద్దు గూకింది, ఆఖరి బస్సు టెన్షన్. అలాంటి 92లు నా చేత్తో ఎన్ని వేశానో దేవుడికే తెలియాలి. తర్వాత సూపర్‌వైజర్‌ని అయ్యాక కుర్రాళ్లకి ఒకటే చెప్పేదాన్ని: మొగుడి నోటితో పెళ్లాం పని రాయొద్దు, ఇంటి పెరడు చూడకుండా 92 వెయ్యొద్దు. మా జట్టు ఊళ్లలో ఆ తర్వాతి విడతలో ఆడవాళ్ల పని "పెరిగింది". నిజంగా పెరిగింది మా జట్టు అడిగే తీరు.

సరిహద్దు జిల్లా కాబట్టి మీకు అదనంగా కొన్ని చిక్కులు ఉంటాయి. వేరే జిల్లా వాళ్ల ప్రాజెక్టు చూసి కాపీ చేస్తే ఇవి దొరకవు.

ఉండేది ఒక రాష్ట్రం, పని ఇంకో రాష్ట్రం. పర్లాకిమిడి నుంచి మహేంద్రతనయ నది దాటితే ఆంధ్ర వైపు పాతపట్నం. రోజూ ఇటు వాళ్లు అటు, అటు వాళ్లు ఇటు. పలాస జీడి బట్టీల్లో గుల్ల కొట్టే, పొట్టు తీసే ఆడవాళ్లలో ఇటువైపు ఊళ్ల వాళ్లూ ఉంటారు. ఇంటింటి సర్వే మనిషిని ఇల్లు ఉన్న చోట లెక్కపెడుతుంది, కాబట్టి ఆవిడ ఒడిశా అంకెలోకి వస్తుంది. ఫ్యాక్టరీ లెక్క, పీఎఫ్ లెక్క పని ఉన్న చోట లెక్కపెడతాయి, కాబట్టి అదే మనిషి ఆంధ్ర అంకెలోకి వెళ్తుంది. గజపతిలో పీఎఫ్ ఖాతాలు పెరగలేదు కాబట్టి ఉపాధి పెరగలేదని వాదిస్తే తప్పు. రెండూ కలిపేస్తే ఇంకా పెద్ద తప్పు, ఒకే మనిషి రెండుసార్లు వస్తుంది. పైగా అదే మనిషి బట్టీకి వెళ్తే కూలి, గింజలు ఇంటికి తెచ్చుకుని పొట్టు తీస్తే సొంత పని. చేతులు అవే, పొట్టు అదే, కోడ్ మారింది.

దాదన్ వలస, అంటే ముందే అడ్వాన్సు తీసుకుని వెళ్లే వలస. ఇటుక బట్టీలకి ఆలుమగలు జోడీగా వెళ్తారు. అడ్వాన్సు మగాడి పేరున, లెక్క వెయ్యి ఇటుకలకి ఇంత అని జోడీకి కలిపి. ఆరు నెలలు తాళం వేసి ఉన్న ఇంటిని సర్వే వాళ్లు వదిలేసి పక్కింటికి వెళ్తారు. జనవరిలో సర్వే చేస్తే ఊళ్లో అందరికంటే ఎక్కువ కష్టపడే ఆడవాళ్లే లెక్కలో ఉండరు. తిరిగొచ్చాక జూన్‌లో దొరికినా, "కూలి ఎంత వచ్చింది?" అంటే మొగుడు వైపు చూస్తారు. ఎందుకంటే ఆవిడకంటూ విడిగా కూలి లేదు. ఇలాంటి ఇళ్లకి నేను వేరే గడి పెట్టమంటాను: "జోడీ పని".

గ్రూపులో సభ్యురాలైతే ఉపాధి అయిపోదు. ఒడిశాలో మహిళా పొదుపు సంఘాల పథకం మిషన్ శక్తి 2001లో మొదలైంది, ఇప్పుడు సంఘం లేని ఊరు లేదు. సంఘాల సంఖ్యని ఉపాధి పెరుగుదలగా చూపించడం చాలా సులువు, అందుకే అందరూ చూపిస్తారు. అప్పు ఆవిడ పేరు మీద తీసి ఆటో కొన్నది మొగుడైతే అది ఆయన ఉపాధి. కొట్టు పెడితే, కొట్లో ఎవరు కూర్చుంటున్నారో, సాయంత్రం గల్లా ఎవరు లెక్కపెడుతున్నారో అడగండి.

ఉపాధి హామీ లెక్కల గురించి ఒక్క మాట. పనిదినాలు బాగా దొరికే లెక్క, ఆడవాళ్ల వాటా విడిగా ఉంటుంది, వాడుకోండి. కానీ పనిదినాలు పెరగడం మంచి రోజులకి గుర్తు కాకపోవచ్చు. దేశంలో ఎక్కువ పనిదినాలు నమోదైంది లాక్‌డౌన్ ఏడాది 2020-21లో, దాదాపు 389 కోట్లు. వేరే పని ఉంటే అంతమంది తట్టా పట్టుకోరు.

అలాగని తగ్గిన ప్రతి అంకె చెడ్డదీ కాదు. 15 నుంచి 20 ఏళ్ల ఆడపిల్లలు హాస్టల్లో చదువుకుంటుంటే ఉపాధి శాతం తగ్గుతుంది. మీరే ఉదాహరణ, ఇప్పుడు సర్వే వస్తే మీకు 91 వేస్తారు, విద్యార్థిని. అందుకే వయసుల వారీగా విడగొట్టండి, కనీసం 15-24, 25-44, 45 పైన అని మూడు ముక్కలుగా. మొత్తం అంకె పడిపోయి, మధ్య ముక్క పెరిగిన ఊళ్లు నేను చూశాను.

ఇప్పుడు మీ సొంత సర్వే. ఎంతమంది చాలు అంటే, 200 మంది ఆడవాళ్లని అడిగి 40 శాతం పని చేస్తున్నారని తేలితే, అసలు అంకె 33 నుంచి 47 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. రెండేళ్ల తర్వాత వేరే 200 మందిని అడిగితే, ఆ రెండు విడతల మధ్య తొమ్మిది పాయింట్ల తేడాని కూడా నమ్మకంగా చెప్పలేరు. ఒకే ఊరి ఇళ్లు ఒకలాగే ఉంటాయి కాబట్టి నిజానికి పరిస్థితి ఇంకా అన్యాయం. పాత పీఎల్ఎఫ్ఎస్‌లో ఒక్కో ఊళ్లో ఎనిమిదే ఇళ్లు తీసుకునేవారు, మన జిల్లాకి పడే ఊళ్లు కొన్నే. అందుకే ఆ డేటాలోంచి జిల్లా అంకె పీకవద్దంటున్నాను. 2025 జనవరి నుంచి పద్ధతి మార్చారు, శాంపిల్ ఎంపికలో జిల్లాని మూలంగా తీసుకున్నారు, ఊరికి పన్నెండు ఇళ్లు చేశారు. ముందు ముందు జిల్లా స్థాయిలో కాస్త నమ్మదగ్గ అంకెలు రావచ్చు. కానీ 2025కి ముందు అంకెకీ తర్వాత అంకెకీ మధ్య గీత గీసే ముందు మళ్లీ ఇదే గొడవ.

మీలాంటి ఒక్క మనిషి చేయగలిగింది వేరే. కొత్త మనుషుల్ని కాకుండా పాత మనుషుల్నే మళ్లీ కలవండి. మీ డిపార్ట్‌మెంటులో పై బ్యాచ్‌ల వాళ్లు చేసిన సర్వే ఫారాలు బీరువాల్లో ఉంటాయి. నాలుగైదేళ్ల కిందటివి, ఊరి పేరు, ఇంటి వివరాలు ఉన్నవి దొరికితే ఆ ఇళ్లకే, ఆ నెలలోనే, అదే ప్రశ్నతో వెళ్లండి. అరవై మందినే మళ్లీ కలిసినా, కొత్త 200 మంది చెప్పలేనిది వాళ్లు చెప్తారు. పాత ప్రశ్న బాగాలేదనిపించినా ముందు అదే అడగండి, మీ మెరుగైన ప్రశ్న తర్వాత అడగండి. పాత ఫారాలు లేకపోతే "పెరుగుదల" అన్న మాట ప్రాజెక్టు పేరులోంచి తీసేసి "తీరు" అని పెట్టుకోండి. గైడ్ గారు ఏమీ అనరు.

నెల ముఖ్యం. ఫాల్గుణ చైత్రాల్లో చింతపండు, ఇప్పపువ్వు, జీడిపిక్కలు. ఎండలు ముదిరితే తునికాకు. వానలు పడ్డాక నాట్లు, కార్తీకం తర్వాత కోతలు. ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి అడిగితే మీరు కొలిచేది పెరుగుదల కాదు, రుతువులు.

ఏం అడగాలి అంటే, "మీరు పని చేస్తారా?" అని మాత్రం అడగకండి. గడిచిన ఏడు రోజులు ఒక్కో రోజుని రెండు పూటలుగా విడగొట్టి, పొద్దున ఏం చేశారు, మధ్యాహ్నం ఏం చేశారు అని ఆవిడనే, వీలైతే వంటింట్లోనో బోరింగు దగ్గరో కూర్చుని అడగండి. ప్రతి పూటకీ డబ్బు వచ్చిందా, ధాన్యమో చోడో వచ్చిందా, ఏమీ రాలేదా, వచ్చింది ఎవరు తీసుకున్నారు అని రాసుకోండి. ఏడాది మొత్తం సంగతికి తారీకులు పనికిరావు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా, ఉగాది నుంచి రథయాత్ర దాకా అని అడిగితే చకచకా చెప్తారు. వంట, నీళ్లు, పిల్లలు కూడా రాయండి, ఉపాధిలో కలపకుండా పక్క గడిలో. 2019 సమయ వినియోగ సర్వేలో ఇంటి పని చేసే ఆడవాళ్లు రోజుకి 299 నిమిషాలు దానికే పెడుతున్నారని తేలింది, మగవాళ్లు 97. 2024లో ఆడవాళ్లది 289. అంటే బయటి పని పెరిగింది, ఇంటి పని పది నిమిషాలే తగ్గింది. మీ ఊళ్లలో ఆ పది నిమిషాలైనా తగ్గాయో లేదో చూడండి.

చివరిది, భాష. రెండూ కావాలి, కానీ ఒకదాన్నుంచి ఇంకోదానికి మాటకి మాట మార్చకండి. ఒకసారి మా జట్టులో శ్రీకాకుళం నుంచి వచ్చిన అమ్మాయి ఒడియా కొత్తగా నేర్చుకుని, "చాకిరి కరుఛంతి కి?" అని ఇల్లిల్లూ అడుగుతూ పోయింది. మనకి చాకిరీ అంటే గొడ్డుచాకిరీ, ఇంటి చాకిరీ. ఒడియాలో చాకిరి అంటే ఉద్యోగం. వీధి వీధంతా "నాహిఁ, నాహిఁ" అన్నారు. నలభై ఇళ్లలో అంగన్‌వాడీ ఆవిడ ఒక్కతే అవునంది. మర్నాడు నేను వెళ్లి "మూల లాగంతి కి?", అంటే కూలికి వెళ్తారా అని అడిగితే ఇరవై ఇళ్లు దాటాయి. అదే వీధి చివర నాలుగు తెలుగు ఇళ్లున్నాయి. అక్కడ "చాకిరీ చేస్తారా?" అనగానే ఒక ముసలమ్మ చేట పక్కన పెట్టి, "చేస్తానా అంటావేటమ్మా, పుట్టిన కాడ్నుంచీ అదే కదా" అంది.